కాళ్ళు కడిగిన చెంచమ్మ

అనగా అనగా, మీ తాతకి తాత ఉయ్యాల్లో కేరుమంటున్న కాలం. సముద్రం ఒడ్డున చవిటిపాలెం అని ఒక పల్లె. ఆ పల్లెలో వరి లేదు, చెరుకు లేదు, మామిడితోట లేదు. ఉన్నదల్లా ఉప్పే. కాలవలో సముద్రపు నీళ్ళొచ్చేవి, మడుల్లో ఎండేవి, తెల్లగా ఉప్పు తేలేది. ఆడా మగా అందరూ ఒట్టి కాళ్ళతో ఆ మడుల్లో దిగేవాళ్ళు.

ఉప్పులో ఒట్టి కాళ్ళంటే ఏంటో మీకేం తెలుస్తుంది లెండి! చీరుకున్న వేలికి చిటికెడు ఉప్పు తగిలితేనే ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తారు మీరు. వాళ్ళకి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా అదే బతుకు. కాళ్ళు పగిలేవి, ఒరుసుకుపోయేవి, పుండ్లు పడేవి.

మడుల గట్టు చివర ఒక మంచినీళ్ళ తొట్టి ఉండేది. ఆ తొట్టి దగ్గర చెంచమ్మ ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఆమె పని ఒకటే. సాయంత్రం మడుల్లోంచి పైకొచ్చిన వాళ్ళ కాళ్ళ మీద ఉప్పు పోయేదాకా నీళ్ళు పొయ్యడం. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తక్కువే. "నీళ్ళమ్మా, ఇటు పొయ్యి" అనేవాళ్ళు.

రోజుకి వంద కాళ్ళు కళ్ళ ముందునుంచి పోతుంటే మనిషి ఊరికే ఎట్టా ఉంటుంది? చెంచమ్మ చూసేది. ఏ పుండు ఎర్రగా ఉంది, ఏది నల్లబడింది, ఏది చీము పట్టింది, అన్నీ చూసేది. వంగి వాసన పట్టేది. చేతి వెనకపక్క ఆనించి వేడి చూసేది. అప్పుడు అడిగేది. "ఎప్పుడైంది నాయనా? ఎట్టా అయింది? మంటా, దురదా?"

ఆ పల్లె వాళ్ళకి ఒక పాడు అలవాటుంది. దెబ్బ తగలడం ఆలస్యం, దాని మీద సున్నం మెత్తేవాళ్ళు. లోపల ఆలిచిప్ప ముక్క ఉందో, మట్టి ఉందో చూసుకునే పనే లేదు. చెంచమ్మ దగ్గర అది సాగేది కాదు. "ముందు కడగనీ, తర్వాత చూడనీ, ఆ తర్వాత నీ సున్నం సంగతి" అనేది. నవ్వుకుంటూనే కాలు ఇచ్చేవాళ్ళు. పుండు మానేది. మానాక ఆమెని మర్చిపోయేవాళ్ళు.

ఇంకో అలవాటు కూడా ఉంది, అది ఇంకా పాడుది. ఉప్పునీళ్ళు పుండుకి తగిలి ఎవరైనా "అబ్బా" అన్నారంటే పల్లెంతా పకపకా నవ్వేది. అనకుండా ఓర్చుకున్న వాడే మొనగాడు. ఆ లెక్కన కోటిలింగం మేస్త్రిని మించిన వాడు లేడు. ఎన్ని పుండ్లున్నా మోకాళ్ళ లోతు ఉప్పునీళ్ళలో దిగేవాడు, మొహంలో గీత మారేది కాదు. "ఉప్పుకే ఆయనంటే భయం" అని చెప్పుకునేవాళ్ళు. అందుకే ఆయన్ని పెద్దని చేశారు. ఆయన చెప్పిందే తీర్పు. పెద్దవాడు కదా, అందరితో పాటు తొట్టి దగ్గరికొచ్చి కాళ్ళు కడిగించుకోవడం ఆయనకి నామోషీ.

ఇట్టా ఉండగా ఆ పల్లె కోడలు ఆదెమ్మ పుట్టింట్లో పురుడు పోసుకుని అత్తింటికి తిరిగొచ్చింది. కాన్పయి మూడు నెలలైంది, చంకన పాలు తాగే ఆడపిల్ల. ఆదెమ్మ మెడ మీద, భుజాల మీద తెల్లటి మచ్చలు తేలాయి. అత్త గడపలోంచి చూసింది. చూసి పక్కింటామెతో చెప్పింది. పక్కింటామె బావి దగ్గర నుంచి చూసింది. చూసి ఇంకొకామెతో చెప్పింది. ఆ ఇంకొకామె అసలు చూడనే లేదు, మేస్త్రితో చెప్పేసింది.

"పెద్దరోగం" అన్నారు, అంటే కుష్టు.

ముట్టుకుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా తీర్పు వచ్చేసింది. రేపు ఆటు మొదలై కాలవలో నీళ్ళు తగ్గగానే ఆదెమ్మ కాలవ దాటి, మనుషుల్లేని అవతలి దిబ్బకి పోవాలి. మళ్ళీ ఇవతలి గట్టు తొక్కకూడదు. పసిపిల్ల ఇక్కడే ఉండాలి.

ఆ మాట చెంచమ్మకి కాళ్ళు కడుగుతుంటే తెలిసింది. చెంబు అట్టాగే చేతిలో ఉండిపోయింది. "పాలు తాగే పిల్లని తల్లి దగ్గర నుంచి లాగేస్తారా? మచ్చని ఎవరన్నా ముట్టుకుని చూశారా?" అంది.

"ముట్టుకుంటే అంటుకోదూ!" అన్నాడు కాళ్ళు కడిగించుకుంటున్న వాడు.

తెల్లారింది. ఆటు మొదలైంది. పల్లెంతా ఉప్పు రాశి దగ్గర చేరింది. ఆదెమ్మ పిల్లని గుండెకి హత్తుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. కోటిలింగం ఉప్పు రాశి ఎక్కి నిలబడ్డాడు, అందరికీ కనపడాలి కదా.

జనంలోంచి చెంచమ్మ ముందుకొచ్చింది. జన్మలో అంతమంది ముందు నోరు విప్పిన మనిషి కాదు. అయినా వచ్చింది.

"అయ్యా, పంపేముందు నన్నొకసారి చూడనీయండి."

"నువ్వు నీళ్ళు పోసేదానివి. నీకేం తెలుసు?" అన్నాడు మేస్త్రి.

"నాకు తెలిసింది కొంచెమే. చూడకుండా ఏదీ తెలియదని మాత్రం తెలుసు."

చెంచమ్మ సరాసరి వెళ్ళి ఆదెమ్మ భుజం మీద చెయ్యేసింది. జనం "హమ్మో!" అని నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆదెమ్మ మాత్రం ఆ చెయ్యి తగలగానే బావురుమంది. మచ్చలు తేలాక నెల రోజులైంది, చంకలో పిల్ల తప్ప ఆమెని ఇంకో మనిషి ముట్టుకుని.

చెంచమ్మ మచ్చ మీద గోటితో మెల్లగా గీరింది. పిండిలాగా పొట్టు రాలింది. "ఇది ఒకటి" అంది.

ఆదెమ్మని ఎండలో కాసేపు నిలబెట్టింది. ఒళ్ళంతా చెమట పట్టింది, మచ్చల మీద కూడా పట్టింది. "దురదగా ఉందా తల్లీ?" అంటే "చచ్చిపోతున్నానత్తా" అంది ఆదెమ్మ. "ఇది రెండు" అంది చెంచమ్మ.

గట్టు మీద పడున్న కొంగ ఈక తెచ్చింది. "కళ్ళు మూసుకో. నేను ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టు." ఈక కొసతో మెడ మీది మచ్చని తాకింది. ఆదెమ్మ వేలు పెట్టింది. ఎడమ భుజం మీది మచ్చని తాకింది. వేలు పెట్టింది. కుడి భుజం మీద తాకింది. అక్కడా పెట్టింది.

"ఇది మూడు. పెద్దరోగం వస్తే ఆ మచ్చకి స్పర్శ పోతుంది, చెమట పట్టదు. ఈ పిల్లకి ఈక తగిలినా తెలుస్తోంది. ఇవి చెమటకి పైపైన పట్టే శోభి మచ్చలు, అందుకే పొట్టు రాలుతోంది, దురద పెడుతోంది. గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి రాస్తే నెలా రెణ్ణెల్లలో పోతాయి" అంది చెంచమ్మ.

కోటిలింగానికి కోపం వచ్చింది. "ఈకలతో ఆటలాడి తీర్పు మారుస్తావా?" అని ఉప్పు రాశి మీంచి గబగబా దిగొచ్చాడు.

చెంచమ్మ ఆయన మొహం వైపు చూడలేదు. అలవాటు కొద్దీ కాళ్ళ వైపు చూసింది. తర్వాత ఆయన దిగొచ్చిన దారి వైపు చూసింది. తెల్లటి ఉప్పు మీద ఒక అడుగు తెల్లగా, ఒక అడుగు ఎర్రగా, మళ్ళీ ఒకటి తెల్లగా, మళ్ళీ ఒకటి ఎర్రగా.

"అయ్యా, మీ కుడికాలు ఎత్తండి."

ఎత్తాడు. అరికాల్లో బొటనవేలంత ఆలిచిప్ప ముక్క దిగబడి ఉంది. నెత్తురు కారుతోంది. చుట్టూ పాత పుండు, అంచులు గట్టిపడిపోయి ఉన్నాయి. అంత నెత్తురు, అంత ఉప్పు, అయినా ఆయనకి ఆ సంగతే తెలీదు.

ఇన్నేళ్ళూ ఉప్పుకి భయపడని మొనగాడని ఎవర్ని మెచ్చుకున్నారో, ఆ మనిషి కాలికి నొప్పే తెలియడం లేదు. కోటిలింగం మొహం పాలిపోయింది. "చెంచమ్మా, ఇదేంది?" అన్నాడు చిన్నపిల్లాడిలాగా. ఆమె పేరు పలకడం ఆయనకి అదే మొదలు.

జనంలోంచి ఎవరో అన్నారు. "అయితే దిబ్బకి ఆయన్నే పంపాలి."

చెంచమ్మకి అప్పుడొచ్చింది కోపం. "నోరు ముయ్యండి! ఎవరూ ఎక్కడికీ పోరు" అంది. ఉప్పులోనే చతికిలబడి, మేస్త్రి కాలు ఒళ్ళో పెట్టుకుంది. కడిగింది. చిప్ప ముక్క తీసింది. గుడ్డ కట్టింది. "ఈయన కాలికి నొప్పి తెలీదు. ఈయన బదులు మనం తెలుసుకోవాలి. రోజూ ఒకరు ఈ కాలు చూడాలి. ఎర్రబడిందా, వేడెక్కిందా, ఏదైనా గుచ్చుకుందా అని చూడాలి. మందిచ్చే వైద్యుడు పైఊళ్ళో ఉన్నాడు, రేపే తీసుకుపోదాం" అంది.

కోటిలింగం ఏడ్చాడు. ఆదెమ్మ వైపు తిరిగి, "తల్లీ, తప్పయిపోయింది, ఇంటికి పో" అన్నాడు.

ఆదెమ్మ ఇంటికి పోయింది. నెల తిరిగేసరికి పొట్టు రాలడం ఆగింది, ఆ పై నెలకి మచ్చలు చర్మంలో కలిసిపోయాయి. కోటిలింగం చేతివేళ్ళు కాస్త వంగాయి గానీ, కాళ్ళు రెండూ ముసలితనం దాకా నిలిచాయి. ఆనాటి నుంచి ఆయన కూడా తొట్టి దగ్గరికొచ్చి అందరితో పాటు వరసలో నిలబడ్డాడు. "అబ్బా" అన్న వాణ్ణి చూసి నవ్వడం ఆ పల్లెలో అంతటితో సరి. "నొప్పి తెలుస్తోంది, అదృష్టవంతుడివిరా" అనేవాళ్ళు.

చాలా ఏళ్ళు గడిచాయి. ఆదెమ్మ కూతురికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకనాడు చెంచమ్మ తొట్టి పక్కనే ఒరిగిపోయింది. చేతిలో చెంబు చేతిలోనే ఉంది.

నా అన్నవాళ్ళు లేరు కదా, ఆఖరి స్నానం చేయించడానికి ఆదెమ్మే కూర్చుంది. చీర కుచ్చెళ్ళు పైకి జరిపి కాళ్ళు చూసింది. చూసి చెయ్యి ఆగిపోయింది.

మడమలు ఎర్రగా కండ కనపడేట్టు పగిలి ఉన్నాయి. వేళ్ళ సందులు నీళ్ళకి నాని తెల్లగా చెడిపోయి ఉన్నాయి. చీలమండ పైన అరచేయంత పుండు, ఏ కాలం నాటిదో. రోజంతా తడిలో నిలబడిన కాళ్ళు మరి, ఇంకెట్టా ఉంటాయి?

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం అత్తా?" అని ఆదెమ్మ గొల్లుమంది. కాసేపటికి తనే అంది. "అడిగితే కదా చెప్పడానికి. ఒక్కరోజు కూడా అడగలేదు నేను." పల్లెంతా తలలు దించుకుంది.

ముసలి కోటిలింగం వంగిన వేళ్ళతో చెంబు పట్టుకుని వచ్చాడు. ఆదెమ్మ ఒక కాలు కడిగింది, ఆయన ఒక కాలు కడిగాడు.

ఆనాటి నుంచి ఆ ఉప్పు పల్లెల్లో ఒక ఆచారం పుట్టింది. మడుల్లోంచి చివర పైకొచ్చిన మనిషి, ఆడైనా మగైనా, పెద్ద మేస్త్రి అయినా సరే, కాళ్ళు కడిగించుకుని వెళ్ళిపోకూడదు. చెంబు తను అందుకోవాలి. నీళ్ళు పోసిన మనిషిని కూర్చోబెట్టి, ఆ కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు చూసి, అప్పుడు ఇంటికి పోవాలి.

ఇప్పటికీ అక్కడ ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, రోగాలకీ రొష్టులకీ సేవ చేసి, చివరికి ఏ మూలనో కూలబడ్డ మనిషి కనిపిస్తే, ఎవరో ఒకరు లేస్తారు. "ఇటు తిరుగు, నీవీ చెంచమ్మ కాళ్ళే, చూడనీ" అంటారు. ఊరికే అనడం కాదు, నిజంగానే కింద కూర్చుని ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూస్తారు.