వంద గీతలు తక్కువ

తునిలో తెలివైనవాళ్ళెవరని అడిగితే బంగారయ్య ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తేవారు. "ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తాం. ఇంతకన్నా తెలివేముంటుంది?" అనేది ఆయన భార్య నూకరత్నం. ఆయన తమ్ముడు సింహాద్రి తలూపేవాడు.

బంగారయ్య కూతురు హైమ ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువు పూర్తిచేసి, తెల్లకోటులో పట్టా అందుకున్న వేడుకని డీవీడీ చేసి పంపింది. నూకరత్నం వీధి వీధంతా పిలిచింది. డీవీడీ పెట్టారు. ఇంకేముంది! రంగు లేదు, బొమ్మ ఆగకుండా పైకి దొర్లిపోతోంది. హైమ కాళ్ళు పైనా, తల కిందా. ఐదేళ్ళయి చూడని పిల్ల. నూకరత్నానికి ఏడుపు ఆగలేదు.

డీవీడీల కొట్టు కోదండం వచ్చి చూశాడు. "డీవీడీ బంగారంలా ఉందండీ. కాకపోతే టీవీలో బొమ్మంటే అడ్డగీతల పేర్పే. అక్కడి బొమ్మకి ఐదొందల పాతిక గీతలు. మన టీవీకి ఆరొందల పాతిక కావాలి. పైగా అక్కడ సెకనుకి ముప్పై బొమ్మలు, మనకి పాతికే. రెండు రకాలూ ఆడించే ప్లేయరు తెచ్చుకోండి," అని వెళ్ళిపోయాడు.

"ఉన్న ప్లేయరు ఉండగా ఇంకోటెందుకు? తగ్గింది వంద గీతలేగా!" అన్నాడు బంగారయ్య.

"మరి సెకనుకి ఐదు బొమ్మలు మిగిలిపోతాయి కదండీ? పిల్ల బొమ్మలు కిందపడి పాడైపోవూ!" అంది నూకరత్నం. అంతే, సింహాద్రి టీవీ కింద గంగాళం పట్టుకుని కూర్చున్నాడు. గంట గడిచింది.

"ఏమీ పడలేదు వదినా."

"పల్చటి బొమ్మలేమో. గుడ్డ కట్టు."

ఈలోగా తనే తడి ముగ్గుపిండితో టీవీ అద్దం మీద లెక్కపెట్టి వంద గీతలు గీసింది. ఆ కనిపించే కాళ్ళు కూడా కనిపించకుండా పోయాయి.

"బొమ్మ ఉన్నది బిళ్ళలో. అద్దం మీద గీస్తే ఏం లాభం?" అని బంగారయ్య విసుక్కుని, మేకు తెచ్చి బిళ్ళ మీద గీశాడు. సరిగ్గా వంద. మళ్ళీ పెడితే ప్లేయరు గరగరమంది. తెరంతా నీలంగా మారింది.

"రంగొచ్చింది!" అని నూకరత్నం చప్పట్లు కొట్టింది. మిగతా రంగులు వెనకాల వస్తున్నాయనుకుని ముగ్గురూ నాలుగు రోజులు ఆ నీలాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఐదోనాడు గుమ్మంలో "అమ్మా!" అని పిలుపు. చూస్తే హైమ! అమ్మ ముచ్చట తీర్చాలని బస్సు దిగగానే తెల్లకోటు వేసుకుని మరీ వచ్చింది. తల పైనే ఉంది, కాళ్ళు కిందే ఉన్నాయి. నూకరత్నం ఆనందం పట్టలేక పరుగెత్తబోయి, గడప దగ్గర ఠక్కున ఆగింది.

"ఏమండీ, పిల్ల కూడా అక్కడినుంచి వచ్చిందే కదా?"

బంగారయ్య పొయ్యిలోంచి బొగ్గు తెచ్చిచ్చాడు. సింహాద్రి లెక్కపెట్టడానికి కూర్చున్నాడు.

"ఇదేంటమ్మా? కొత్త కోటు!" అంది హైమ బిత్తరపోయి.

నూకరత్నం ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో గీస్తూనే ఉంది.

"కదలకు తల్లీ. ఇంకా అరవై ఎనిమిది గీతలే. అవి అయిపోతే నిన్ను కళ్ళారా చూసుకుంటాను."