నిమ్మతొన కరిగేదాకా

తాయారు ఈ సంగతి నాకు ఒక్కసారిగా చెప్పలేదు. ఒకసారి కూర తరుగుతూ కొంత, ఒకసారి రైల్లో కొంత, ఇంకోసారి ఎవరి పెళ్ళిలోనో కొంత చెప్పింది. కనక ముందుది వెనక్కీ వెనకది ముందుకీ నేను కలిపేసి ఉండవచ్చు. ఈమధ్య పొయ్యిమీద పాలు పెట్టిన సంగతే మర్చిపోతున్నాను. ఇది కూడా జారిపోకముందే రాసి ఉంచుతున్నాను.

సింగవరం ఫ్లయింగ్ క్లబ్బులో ఆ ఏడాది విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో ఆడపిల్ల తాయారొక్కతే. పుస్తకం పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటర్‌లో ఐసు పట్టడం గురించి అడిగితే పేజీన్నర రాసింది. రాసి బయటికొచ్చి తోటివాళ్ళ దగ్గర నవ్వింది కూడా.

"సిమ్లా వాళ్ళకి రాసిన పుస్తకం మనకి అంటగట్టారు. మనూళ్ళో ఐసు కావాలంటే సోడా కొట్టుకెళ్ళాలి గానీ ఇంజన్లో వెతుకుతామా?"

ఆ మాటన్న మూడోవారం ఆమె విమానాన్ని జనుము చేలో దింపింది.

పక్కన గురువు లేకుండా ఒంటరిగా ఎగరడం ఆమెకి అది నాలుగోసారి. తొలకరి కురిసి తెరిపిచ్చిన ఉదయం. సముద్రం మీంచి తడిగాలి. దిగడానికి, ఇంజను జోరుని అదుపు చేసే థ్రాటిల్ తగ్గించి, కొంత దూరం వచ్చాక మళ్ళీ పెంచబోతే ఇంజను పలకలేదు. దగ్గింది, వణికింది. పుస్తకంలో చెప్పినట్టే వేడిగాలి పిడి లాగింది. ఆ పిడి లాగితే ఇంజను గొట్టాల దగ్గర కాగిన గాలి కార్బురేటర్‌లోకి వెళ్ళి, పట్టిన ఐసు కరగాలి. కానీ లాగగానే ఇంజను మునుపటికంటే ఘోరంగా కొట్టుకుంది. తాయారు హడలిపోయి పిడిని మళ్ళీ లోపలికి తోసేసింది. ఆ తర్వాత ఇక రన్‌వే అందలేదు.

మోకాలెత్తు జనుము మెత్తగా పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆమెకి మోచెయ్యి గీసుకుపోయింది, విమానానికి ఒక చక్రం వంకరపోయింది.

విమానాన్ని షెడ్డుకి లాక్కొచ్చాక మెకానిక్ గవర్రాజు ఇంజను మూత విప్పాడు. అంతా తడిమి చూశాడు. స్టార్టు చేశాడు. హాయిగా తిరిగింది.

"ఇంజనుకేం రోగం లేదు. మా అత్తగారంత గట్టిగా ఉంది" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "రోగమంటూ ఉంటే తోలినవాళ్ళకే."

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. తాయారుకి ఆ నవ్వుకంటే, హాయిగా తిరుగుతున్న ఇంజనే ఎక్కువ అవమానంగా తోచింది.

సాయంత్రం క్లబ్బు సెక్రటరీ పిలిచి చెప్పాడు. "ఇరవయ్యో తారీకులోగా నువ్వు ఒంటరిగా ఎగరచ్చని ఖాజాగారు సంతకం పెట్టాలమ్మా. లేకపోతే నీ సీటు జాబితాలో తర్వాతి కుర్రాడికి ఇచ్చేస్తాం."

అప్పటికి పదకొండో తారీకు.

ఖాజా మొహిద్దీన్ గారు వాళ్ళ గురువు. అరవై దాటిన మనిషి. ఎక్కువ మాట్లాడరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రేకు డబ్బా, దాన్నిండా నిమ్మతొన బిళ్ళలు. పాఠం అయ్యాక శిష్యులకి తలా ఒకటి ఇవ్వడం ఆయన అలవాటు. తాయారు దాన్ని నోట్లో వేసుకోవడమే ఆలస్యం, కటకటమని నమిలేసేది. "ఆ పిల్ల పళ్ళలో తిరగలి ఉంది" అనేవాడు గవర్రాజు.

మర్నాడు ఉదయం ఆయన రెక్క కింద నిలబడి ఉన్నారు. ఎగిరేముందు రోజూ ట్యాంకులోంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి వంచి, నీళ్ళు కలిశాయేమోనని ఎండకేసి చూడాలి. అది చూస్తున్నారు. తాయారు వెళ్ళి పక్కన నిలబడింది.

"తప్పు నాదా సార్, ఇంజనుదా?"

"చెయ్యి చాపు."

చాపింది. సీసాలోని పెట్రోలు ఆమె మణికట్టు మీద ఒంపారు.

"ఊదు."

ఊదింది. ఉలిక్కిపడింది.

"ఎలా ఉంది?"

"జిల్లుమంటోంది సార్."

"ఎండ ఎలా ఉంది?"

తాయారు తలెత్తి చూసింది. మెడమీద చెమట కారుతోంది.

"కార్బురేటర్ గొంతు ఇరుకు" అన్నారాయన. "అందులో పెట్రోలు నిమిషం ఆగకుండా ఇలాగే ఆవిరవుతుంది. పక్కనే తడిగాలి పోతుంటుంది. థ్రాటిల్ మూసేకొద్దీ ఆ సందు ఇంకా ఇరుకు. ఇక నువ్వే చెప్పు."

ఆమె మణికట్టు వైపే చూస్తూ, "మరి గవర్రాజు విప్పి చూస్తే లేదే?" అంది.

"నువ్వు జనుము దులుపుకునేలోపు నీళ్ళయిపోయింది."

షెడ్డులోంచి గవర్రాజు తల బయటపెట్టాడు. "అయితే తోలినవాళ్ళ రోగం కాదంటారా సార్?"

"నువ్వా చక్రం సంగతి చూడు నాయనా."

గవర్రాజు తల లోపలికెళ్ళింది. తాయారుకి నవ్వొచ్చింది గానీ అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు.

"నేను పిడి లాగాను సార్. తెలియక కాదు. లాగాను. లాగితే ఇంకా పాడైంది."

"అప్పుడు?"

"తోసేశాను."

ఆయన జేబులోంచి డబ్బా తీసి ఒక నిమ్మతొన ఇచ్చారు. కటకట. ఇంకోటి ఇచ్చారు. మాట్లాడదామనుకుంటూ అదీ నమిలేసింది. ఆయన డబ్బా మూతపెట్టి జేబులో వేసుకున్నారు.

"మళ్ళీ తడి ఉదయం వచ్చినప్పుడు పిలుస్తాను."

తాయారు ఎదురుచూసింది. పదమూడు, పద్నాలుగు ఎండలే. పదిహేను ఎండే. జాబితాలో తర్వాతి కుర్రాడు అప్పుడే వచ్చి క్లబ్బు బెంచీమీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరి ఇంజను చప్పుడైనా వినబడితే చాలు, ఆమె అరచేతులు తడిసిపోయేవి. ఇక సీటు వదిలేస్తానని చెబుదామని రెండుసార్లు సెక్రటరీ గుమ్మందాకా వెళ్ళి వచ్చింది.

పదహారున వాన పడింది. పదిహేడు ఉదయం ఖాజాగారు కబురు పెట్టారు.

క్లబ్బుకున్న రెండో విమానంలో పక్కపక్కన కూర్చున్నారు. నాలుగువేల అడుగుల ఎత్తున, సరిగ్గా రన్‌వే మీద గుండ్రంగా తిరగమన్నారు. అక్కణ్ణుంచి ఇంజను ఆగిపోయినా తీరిగ్గా దిగచ్చు. తర్వాత థ్రాటిల్ తగ్గించమన్నారు.

"పిడి?" అంది తాయారు.

"నేను చెప్పేదాకా ముట్టుకోకు. ముల్లు చూడు."

ఇంజను తిరిగే వేగం చూపించే ముల్లు. ఆమె థ్రాటిల్ కదపలేదు. ముల్లు మాత్రం ఎవరో కిందనుంచి లాగుతున్నట్టు మెల్లిగా జారుతోంది. దగ్గులేదు, వణుకులేదు. జారుతోంది, అంతే. ఆ రోజు తను ఈ ముల్లుని చూడనేలేదని తాయారుకి అప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి దగ్గు మొదలైంది.

ఖాజాగారు డబ్బా తెరిచి ఆమె నోటికి ఒక నిమ్మతొన అందించారు. "కొరక్కు. ఊఁ, ఇప్పుడు లాగు. పూర్తిగా లాగు, సగం కాదు."

లాగింది.

ఇంజను ఒక్కసారి గుక్కపట్టింది. విమానమంతా గజగజలాడింది. కరిగిన నీళ్ళు మింగలేక పొలమారుతోందని ఆమె బుద్ధికి తెలుసు. చేతికి తెలీదు. చెయ్యి పిడి మీదే ఉంది, తోసెయ్యడానికి సిద్ధంగా. పళ్ళు నిమ్మతొన మీద ఉన్నాయి.

పక్కకి చూసింది. ఖాజాగారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చుని, కింద సముద్రంలో పడవలు లెక్కపెడుతున్నారు.

తాయారు పళ్ళు విడదీసింది. నాలుకతో నిమ్మతొనని బుగ్గలోకి నెట్టింది. అది కరుగుతోంది. ఇంజను దగ్గుతోంది. పులుపు, ఆ వెనక తీపి. ఇంకో దగ్గు, ఈసారి చిన్నది. ఆ పైన ముల్లు కొంచెం కదిలింది. పైకి. ఇంకొంచెం పైకి. పంకా చప్పుడు ఒక్క తీరుగా కుదిరింది.

"పదకొండు" అన్నారాయన.

"ఏంటి సార్?"

"పడవలు." తర్వాత, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు, "దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించకముందే పిడి లాగు. రోగం వచ్చేదాకా కూర్చోకు" అన్నారు.

పంతొమ్మిదో తారీకు కూడా మబ్బుగానే ఉంది. ఖాజాగారు విమానం దాకా వచ్చారు. జాగ్రత్తలేవీ చెప్పలేదు. కాగితంలో చుట్టిన నిమ్మతొన ఒకటి ఆమె చేతిలో పెట్టి వెళ్ళి బెంచీమీద, ఆ కుర్రాడి పక్కనే కూర్చున్నారు.

మబ్బు కింద రెండువేల అడుగుల ఎత్తున తాయారు ఒక్కతే. అరచేతులు తడిగానే ఉన్నాయి, కానీ పనిచేస్తున్నాయి. ఐదు నిమిషాలకోసారి ముల్లు చూస్తోంది. మూడోసారి చూసేసరికి ముల్లు జారి ఉంది. తను ఏదీ ముట్టుకోలేదు.

పిడి పూర్తిగా లాగింది. నిమ్మతొన నోట్లో వేసుకుంది.

ఇంజను గుక్కపట్టింది. కింద చూస్తే అదే జనుము చేను. తన విమానం దున్నిన చార ఇంకా పచ్చటి చేలో పాపిటలా కనిపిస్తోంది. చెయ్యి పిడి మీద ఉంది. విమానం వణుకుతోంది.

తాయారు చేనుమీంచి చూపు తిప్పి సముద్రం కేసి చూసింది. ఒకటి, రెండు, మూడు... ఆ రోజు పడవలు చాలానే ఉన్నాయి.

చక్రాలు రన్‌వే మీద ఆనగానే గవర్రాజు పరిగెత్తుకొచ్చాడు. విమానం పూర్తిగా ఆగనైనా ఆగలేదు.

"ఏమ్మా, పైన దగ్గింది! ఇక్కడిదాకా వినపడింది! చేలోకే అనుకున్నాం. ఏమైంది? ఎలా నిలబెట్టావు? అయ్యో, మాట్లాడవేం తల్లీ?"

వెనకే ఖాజాగారు నెమ్మదిగా నడిచొచ్చారు. తాయారు తలుపు తీసుకుని దిగి, ఆయన ఎదురుగా నిలబడింది. నోరు తెరిచి నాలుక చాపింది.

నాలుక మీద గోరంత పలచగా, ఇంకా కరగని నారింజరంగు పొర.

ఆయన దాన్ని చూశారు. జేబులోంచి డబ్బా తియ్యలేదు. పెన్ను తీశారు.

"పిల్లని కంగారుపెట్టకు గవర్రాజూ" అన్నారు. "ఇంకా కాస్త ఉంది."

వకుళా, ఇది మీ అమ్మ తాయారుకి ఒకసారి చదివి వినిపించు. మెకానిక్ పేరు గవర్రాజో సింహాద్రో నాకు నమ్మకం లేదు, ఖాజాగారి ఇంటిపేరు కూడా ఏదో ఉండాలి. పేర్లన్నీ సరిచూసి దిద్దు. నిమ్మతొన రంగు మాత్రం అడగక్కర్లేదు.