నాంచారమ్మ మూడో దెబ్బ

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలం నాటి మాట. ఊ కొడితేనే చెబుతా, లేకపోతే నా పని నాకుంది. కొడుతున్నారా? సరే, వినండి.

ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నాంచారమ్మ అనే కుమ్మరామె ఉండేది. మొగుడు గురవయ్య సారె తిప్పేవాడు. ఆవంలో కాల్చి దించిన కుండల మంచీచెడూ చూడటం ఈమె పని. వేలి కణుపుతో మెడ మీద ఒక దెబ్బ, కడుపు మీద ఒక దెబ్బ, అడుగున ఒక దెబ్బ. మూడు చోట్లా ఖంగుమంటేనే సంతకు. లేదంటే పెంకుల దిబ్బకు.

ఒకరోజు నీళ్ళు పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో చేతికేదో తగిలింది. చింతగింజంత గడ్డ. నొప్పి లేదు గానీ భయమేసింది.

ఊరి వైద్యుడి దగ్గరికెళ్ళింది. ఆయన ఆమె మణికట్టు మీద గుడ్డ కప్పి నాడి చూశాడు. పరాయి ఆడదాన్ని అంతకు మించి తాకకూడదు మరి, ఆనాటి మర్యాద అది!

"పాలు గడ్డకట్టాయి. ఏం లేదులే, పో."

"నా చిన్నదానికి పదేళ్ళు నిండాయి బాబయ్యా. ఇప్పుడు పాలెక్కడివి?"

"వైద్యం చదివింది నువ్వా, నేనా?" అని కసిరాడు.

నెల తిరిగేసరికి చింతగింజ రేగ్గాయంత అయింది. ఈసారి భూతవైద్యుడి దగ్గరికెళ్ళింది. ఆయన ఆమె ముఖం కూడా సరిగ్గా చూడలేదు. "ఎవరి కళ్ళో పడ్డాయి. ఏం లేదులే, పో" అని దారం కట్టి పంపాడు.

ఇంకో నెలకు ఉసిరికాయంత అయింది. పైన చర్మం గుంటపడింది. ఏటి అవతల లంకలో మంగమ్మ అనే ముసలి మంత్రసాని ఉందనీ, చేత్తో తడిమి చూస్తుందనీ ఎవరో చెప్పారు. వెళ్దామంది నాంచారమ్మ.

గురవయ్య విసుక్కున్నాడు. "ఇద్దరు ఏం లేదన్నారుగా! మూడో మనిషెందుకే? ఊరంతా నవ్వుద్ది."

నాంచారమ్మ పోట్లాడలేదు. పక్కన పెట్టిన కుండ ఒకటి తెచ్చి అతని ముందుంచింది. "కొట్టు మావా."

మెడ మీద కొట్టాడు. ఖంగుమంది. కడుపు మీద కొట్టాడు. ఖంగుమంది.

"రెండు చోట్లా మోగిందిగా. అమ్మేద్దామా?"

గురవయ్య కుండ తిరగేసి అడుగున కొట్టాడు. టప్పుమంది. కళ్ళు తుడుచుకుని, కండువా భుజాన వేసుకుని, పడవ వైపు నడిచాడు.

మంగమ్మ జరిగిందంతా విని, తలుపు మూసి, రెండు రొమ్ములూ తడిమింది, చంకలు తడిమింది. చాలాసేపు చూసింది.

"తడమకుండా చెప్పినోళ్ళను ఎట్టా నమ్మావే?"

"నమ్మితే నీ దగ్గరికెందుకొస్తా అవ్వా?"

"ఇది పాలూ కాదు, దిష్టీ కాదు. కోసెయ్యాలి. కోస్తే బతుకుతావని మాటివ్వలేను. వదిలేస్తే మాత్రం చస్తావు."

"కొయ్యి" అంది నాంచారమ్మ.

మంగమ్మ కత్తి నిప్పుల్లో కాల్చింది. నాంచారమ్మ మొగుడి కండువా పళ్ళ మధ్య బిగబట్టింది. అతను ఆమె చేతులు పట్టుకుని భోరున ఏడ్చాడు. ఆమె మాత్రం కిక్కురుమనలేదు! అబ్బ, ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నలభై రోజులు లంకలోనే ఉంది. పడవ తిరిగొచ్చిన నాడు ఊరంతా ఒడ్డున నిలబడింది. నాంచారమ్మ దిగింది, నేరుగా ఇంటికెళ్ళి, కుండలు కొట్టి చూసుకోవడానికి కూర్చుంది.

మూడేళ్ళు గడిచాయి. ఒక పొద్దున ఆ వైద్యుడే ఆమె వాకిట్లోకొచ్చాడు. వెనకాల కూతురు, తలొంచుకుని నిలబడింది.

"నాంచారమ్మా, దీనికీ నీలాగే గడ్డ లేచింది. నాడి పట్టుకుంటే నాకేమీ తెలియడం లేదు. నా బిడ్డను ఏరు దాటించు తల్లీ."

ఎన్ని మాటలనొచ్చు! ఒక్కటీ అనలేదు. చేతి మట్టి కడుక్కుని, "పద అమ్మాయ్" అంది.

అలా ఎంతమందిని దాటించిందో! అందరూ బతికారని అబద్ధం చెప్పను. చాలామంది బతికారు. ఆమె మనవరాలి పెళ్ళి కూడా చూసి, పండు ముసలిదయ్యాకే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ ఏటి ఊళ్ళలో ఆడపిల్లను కాపురానికి పంపేటప్పుడు కొత్త కుండ ఇస్తారు. మెడ మీద ఒక దెబ్బ పిల్ల కొడుతుంది. కడుపు మీద ఒక దెబ్బ పిల్ల కొడుతుంది. మూడోది, అడుగున, తల్లి కొడుతుంది. కొట్టి, చెవి దగ్గర నోరు పెట్టి చెబుతుంది: "ఎవరైనా చూడకుండా 'ఏం లేదులే, పో' అన్నారనుకో, నాకు కబురు పెట్టు. పడవ నేను తెస్తా."