గోడ వెనక్కి జరిగాక

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, ఇసుక జల్లెడ పట్టమంటారు. యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగంలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళకి డాక్టరేట్ కన్నా ముందు చేతులకి కాయలు వస్తాయని చెప్పుకుంటారు. అదంతా వకుళకి అలవాటే గానీ, ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. తను అడిగింది రాళ్ళ గురించి కాదు మరి.

"మాస్టారూ, విడిపోయినవాళ్ళు మళ్ళీ దగ్గరైతే మునుపటిలా ఉంటారా?" అని అడిగింది.

సంగతేమిటంటే, అమ్మ మంచాన పడ్డప్పుడు అక్క మందాకిని రాలేదు. అమ్మ పోయిన మర్నాడు వచ్చింది. అప్పట్నుంచి మూడేళ్ళుగా అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. ఈలోగా వకుళకి కూతురు పుట్టింది. పెద్దమ్మ ఆ పిల్ల మొహమైనా చూడలేదు. ఇప్పుడు మేనమామ పూనుకుని, ఆదివారం ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రండి, పాతవన్నీ మర్చిపోండి అన్నాడు. అక్కంటే వకుళకి ప్రాణం. ఈసారి చెడితే ఇక అక్క లేనట్టే. అందుకని అమ్మ మాటే ఎత్తకుండా, నవ్వుతూ నాలుగు మెతుకులు తినేసి రావాలని నిశ్చయించుకుంది.

మాస్టారు గాజు పెట్టె చూపించారు. దానికి ఒక పక్క గోడ మరతో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. భూమి పైపొర సాగితే ఏమవుతుందో, తర్వాతెప్పుడో దాన్ని నొక్కితే ఏమవుతుందో అందులో ఇసుకతో చేసి చూస్తారు. వకుళ తెల్ల ఇసుకా ఎర్ర ఇసుకా వరసలుగా పోసింది. పోసిన ప్రతిసారీ చెక్కతో పైన చదును చేయడం అక్కడి పద్ధతి.

గోడ ఉన్న చోట గాజు మీద గీత పెట్టి, మర తిప్పి గోడని బయటికి లాగింది. ఇసుకలో ఏటవాలుగా పగులు పడి, ఒక భాగం కిందికి దిగింది.

"పల్లాన్ని ఖాళీగా ఉంచకు. ఏళ్ళ తరబడి ఏటి మట్టి వచ్చి చేరదూ?" అన్నారు మాస్టారు.

వకుళ నల్ల ఇసుక పోసి పల్లం పూడ్చింది.

"ఇప్పుడు గోడని మొదట ఉన్న గీత దగ్గరికి తీసుకురా."

మెల్లగా తీసుకొచ్చింది. ఇసుక కొత్త చోట పగలనే లేదు. ఆ పాత పగులు వెంటే, దిగిన భాగం మళ్ళీ పైకి జారింది. గోడ సరిగ్గా గీతని తాకింది, పెట్టె పొడవు మునుపటంతే అయింది. అయితేనేం, ఒకప్పుడు పల్లమున్న చోట నల్ల ఇసుక గుట్టగా పొంగి కూర్చుంది. వకుళ చెయ్యి ఊరుకుందా! అలవాటు కొద్దీ చెక్క తీసి, ఆ గుట్టని శుభ్రంగా గీకేసింది.

"అయ్యయ్యో, ఎంత పని చేశావమ్మాయ్! చూడాల్సిందే అది కదా!" మాస్టారికి నిజంగానే కోపమొచ్చింది.

వకుళ నాలిక్కరుచుకుంది. వంగి పక్క గాజులోంచి చూసింది. పైనేమో అద్దంలా నున్నగా ఉంది. లోపల పొరలన్నీ వంకర తిరిగి అలాగే ఉన్నాయి. చూస్తూంటే ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. అమ్మకి ఆఖరి గంజి తనొక్కతే పట్టింది. పురిట్లో పక్కన అక్క లేదు. ఆదివారం ఎంత నవ్వినా అవి లేకుండా పోవు.

"అమ్మ దగ్గరికి ఎందుకు రాలేదే అని అడక్కుండా ఉండటం నావల్ల కాదు మాస్టారూ. అడిగితే అక్క విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోతుందేమో. వెళ్ళనా, మానేయనా?"

మాస్టారు ఆమె చేతిలోంచి చెక్క తీసుకుని పక్కన పెట్టారు.

"వెళ్ళమ్మా. దగ్గరికి జరిగితే గుట్ట లేస్తుంది. లేవనియ్యి."