చెంగల్వ ఆకుపత్రిక

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. నవ్వకండర్రా, జంతువులకి మాత్రం చదువు వద్దా? నోట్లో ముద్ద మింగి వినండి.

ఆ బడిలో చెంగల్వ అనే కుందేలుపిల్ల చదువుకునేది. దానికి వార్తలు రాయడమంటే పిచ్చి. రోజూ పొద్దున్నే టేకు ఆకు మీద ముల్లుతో బడి వార్తలు రాసి గేటుకి కట్టేది. చదివినవాళ్ళు తమ మాట గీకడానికి కింద చిన్న ఆకులు కూడా వేలాడదీసేది. గంట కొట్టకముందే అందరూ అక్కడే. పాఠాలు తర్వాత!

బడి వెనక ఒక తోట ఉంది. ఆ తోటలో దొంగతనాలు మొదలయ్యాయి.

మొదట జామకాయలు పోయాయి. కోసింది కోతిపిల్ల కొండయ్య. "ఒక విద్యార్థి జామకాయలు కోశాడు" అని రాసింది చెంగల్వ.

తర్వాత సొరపాదు పోయింది. మేసింది ఎవరనుకున్నారు? చెంగల్వ సొంత తమ్ముడు! "ఎవరో పాపం, ఆకలికి తాళలేక తిన్నారు" అని రాసింది. పాపమట, పాపం!

మూడోసారి దోసకాయలు పోయాయి. తిన్నది గంగులు అనే నక్క. అంతే, ఆకు నిండా పెద్ద పెద్ద అక్షరాలు! "జిత్తులమారి నక్కలు దోసకాయలు దోచేశాయి. నక్కలతో జాగ్రత్త!" నన్నలా చూడకండి. నేను చెప్పిన కథల్లోనూ నక్క అనగానే ముందు 'జిత్తులమారి' వచ్చేసేది. తప్పే, ఒప్పుకుంటున్నా.

కింద చిన్న ఆకులన్నీ క్షణంలో నిండిపోయాయి. "నేను ముందే చెప్పానా?" అని నెమలి గీకింది. "వాటి బుద్ధే అంత" అని అడవిపంది గీకింది. "అసలు బడిలోకి రానివ్వడమే తప్పు" అని ఎవరో పేరు లేకుండా గీకారు. పేరు రాసే ధైర్యం లేదుగా మరి!

ఆ బడిలోనే నాగన్న అని ఇంకో నక్కపిల్లాడు ఉన్నాడు. వాడు ఆ దోసకాయలు ముట్టలేదు. వాడికి ఒకటే కోరిక, బడి కబడ్డీ జట్టులో ఆడాలని. ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకుని జట్టులో చోటు సంపాదించాడు. పొరుగు అడవితో పోటీ మర్నాడే. ఆకు చదివిన జట్టు పిల్లలు, "నక్కతో మేం ఆడం" అని తెగేసి చెప్పారు.

ఎలుగుబంటి మాస్టారు తల గోక్కున్నాడు. "సాయంత్రం దాకా చూస్తాను. వాళ్ళ మనసు మారకపోతే ఈసారికి నువ్వు ఆగు నాయనా" అన్నాడు.

నాగన్న ఆకులు మూడూ పట్టుకుని చెంగల్వ దగ్గరికి వెళ్ళాడు.

"ఏం, నేను అబద్ధం రాశానా? తిన్నది నక్క కాదా?" అని చెంగల్వ ముందే కస్సుమంది.

"నక్కే. మరి జామకాయలు కోసింది కోతి కాదా?"

"అవును."

"సొరపాదు మేసింది ఎవరు?"

చెంగల్వ చెవులు వాలిపోయాయి. "మా తమ్ముడు" అని గొణిగింది.

"వాళ్ళ తప్పు వాళ్ళొక్కళ్ళదే. గంగులు తప్పు మాత్రం మా అందరిదా? వాడితో నేను ఒక్క రోజైనా మాట్లాడి ఎరగను, చెంగల్వా!" అన్నాడు నాగన్న. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెంగల్వకి సిగ్గుతో ప్రాణం చచ్చినట్టయింది. ఉన్నదున్నట్టు రాస్తే తమ్ముడి పేరు బయటపడుతుంది, అమ్మ వీపు మోత మోగిస్తుంది. ఊరుకుంటే నాగన్న ఆట పోతుంది. కాసేపు అటూ ఇటూ గెంతింది. చివరికి "ఏమైతే అదే అయింది" అనుకుని కొత్త ఆకు తీసి ఇలా రాసింది.

"జామకాయలు కోసింది కొండయ్య. సొరపాదు మేసింది మా తమ్ముడు బుల్లెబ్బాయి. దోసకాయలు తిన్నది గంగులు. ఎవరి తప్పు వాళ్ళది. నక్కలందరినీ కలిపి తిట్టింది నేను. ఆ తప్పు నాది. నాగన్నా, క్షమించు."

బడంతా గొల్లుమంది. "అమ్మ చెంగల్వా, నీ తమ్ముడేనా!" అని నవ్వినవాళ్ళు నవ్వారు. ఇంటిదగ్గర దెబ్బలు పడనే పడ్డాయి. కానీ సాయంత్రం జట్టు పిల్లలు తలలు దించుకుని వచ్చి, "రారా నాగన్నా, ఆడదాం" అన్నారు.

మర్నాడు పోటీ. డప్పులు, ఈలలు, ఒకటే గోల! నాగన్న గీతకి దణ్ణం పెట్టి, "కబడ్డీ, కబడ్డీ" అంటూ కూతకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే దొరికిపోయాడు! ఒక్క పాయింటు తేడాతో ఆటా పోయింది.

మరుసటి రోజు పొద్దున వాడు బిక్కుబిక్కుమంటూ గేటు దగ్గరికి వచ్చాడు. ఆకు మీద ఇలా ఉంది. "నాగన్న మొదటి కూతలోనే దొరికిపోయాడు. మన జట్టు ఒక్క పాయింటుతో ఓడింది." అంతే. నక్క అన్న మాట ఎక్కడా లేదు. వాడు రెండోసారి చదివాడు. మూడోసారి చదివాడు. అప్పుడు ఎగిరి గంతేశాడు.

"ఒరేయ్, దొరికింది నేనొక్కణ్ణేరా! మా నక్కలెవరూ దొరకలేదు!" అని బడంతా తిరిగి చెప్పాడు. ఓడిపోయి అంత సంబరపడినవాణ్ణి ఆ అడవి ఎన్నడూ చూడలేదు. జట్టు పిల్లలు పకపకా నవ్వుతూ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు.

నీతి: తప్పు ఎవరు చేస్తే వారిదే. దాన్ని వాళ్ళ జాతికంతటికీ అంటగట్టకూడదు.