ముందు కొన్నవారి మాట

వంశధార ఒడ్డున పాఠం చెప్పే కూర్మాచార్యులుగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు.

ఒకనాడు శిష్యుడు గవరయ్య, వ్యాఖ్యానాలు చదివి చదివి విసిగిపోయి, "ఎప్పుడో పోయినవాళ్ళ మాటలు మనకెందుకండీ? నాకు కళ్ళు లేవా?" అని అడిగేశాడు. ఆచార్యులుగారు నవ్వి, పగిలిన తన భూతద్దం అతని చేతిలో పెట్టి, ఇటువంటిదే కొత్తది తెమ్మన్నారు. పర్లాకిమిడి నుంచి అడిగి తెచ్చిన తాళపత్ర గ్రంథాన్ని కార్తిక పున్నమికి తిరిగి ఇచ్చెయ్యాలి. ఎత్తి రాసుకోవలసిన ఆకులు ఇంకా నలభై ఉన్నాయి. అద్దం లేనిదే ఆయనకు అక్షరం ఆనదు. శ్రీకాకుళం కొట్లలో అటువంటిది దొరకలేదు.

గవరయ్య ఫోన్ తీసి, పేరుమోసిన ఆన్‌లైన్ అంగట్లో బొమ్మ చూశాడు, ధర చూశాడు, కొనేశాడు. కొన్నవాళ్ళు కింద రాసిన మాటల జోలికి పోలేదు. కళ్ళున్నవాడాయె. పద్దెనిమిది రోజులకు ఏదో దేశం నుంచి పొట్లం వచ్చింది. విప్పితే ప్లాస్టిక్ బిళ్ళ. దాని కింద అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఫిర్యాదు చేస్తే, అమ్మింది తాము కాదనీ, విదేశంలో ఉన్న వేరే వ్యాపారి అనీ, తమది అంగడి మాత్రమేననీ మర్యాదగా చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చారు. పోయిన రోజుల్ని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. గవరయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి నిదానంగా చూశాడు. అదే బొమ్మ కింద నలుగురు అమ్మకందారులున్నారు, నాలుగు దేశాలవాళ్ళు. ఒక్కొక్కరి పేరు కింద ముందు కొన్నవారి మాటలు. గడియారాలు బాగుచేసే ఒకాయన, మూడేళ్ళుగా వాడుతున్నా గీత పడలేదని రాశాడు. చూపు మందగించిన ఒకావిడ, సూదిలో దారం మళ్ళీ తానే ఎక్కించుకుంటున్నానని రాసింది. ఇంకెవరో, 'కస్టమ్స్ దగ్గర నాలుగు రోజులు ఆగుతుంది, కంగారుపడకండి' అన్నారు. ఎవరికి చెబుతున్నారు వీళ్ళంతా? గవరయ్య ఎవరో, అతని ఊరేదో వాళ్ళకు తెలియదు. చెప్పినందుకు దమ్మిడీ రాదు. అయినా తన తర్వాత ఎవరో వస్తారని ఒక్కొక్కరూ ఆగి ఒక మాట చెప్పి వెళ్ళారు. అతనికి ఒళ్ళు జలదరించింది. లోకం ఇంత పెద్దదనీ, ఇంత దగ్గరదనీ అతను ఎన్నడూ అనుకోలేదు.

కస్టమ్స్ దగ్గర సరిగ్గా నాలుగు రోజులు ఆగి, పున్నమి ఇంకా వారం ఉందనగా, ఆ మాటలు నమ్మి కొన్న గాజు అద్దం వచ్చింది. గవరయ్య జరిగినదంతా చెప్పాడు. ఆచార్యులుగారు విని, ఆకు మీద అద్దం ఉంచి, రెండువందల ఏళ్ళ కిందటి లేఖకుడు అంచున గీసిన సన్నటి పంక్తిని చదివి వినిపించారు.

"ఇచ్చట మూలమున ఒక ఆకు పోయినది. చదువువారు కంగారుపడవద్దు."

గవరయ్య కళ్ళు చెమర్చాయి. అప్రయత్నంగా చేతులు జోడించాడు. ఆచార్యులుగారు మరో ఆకు తిప్పుతూ అడిగారు.

"ఇంతకీ, అద్దం సంగతి నువ్వు రాశావా, నాయనా?"