సెట్టు మాటకి ముగ్గురు వాటాదారులు

చీపురుమెట్టలో తెలివి ఎవరింట్లో ఉందని అడగండి, పోలినాయుడి ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. పోలినాయుడు పెద్దవాడు, గౌరమ్మ నడిమిది, సన్నిబాబు ఆఖరివాడు. ఒక్కరికీ పెళ్ళి కాలేదు. తమకి తగ్గ తెలివైనవాళ్ళు ఈ జిల్లాలో పుట్టలేదట!

ఆ తెలివంతా పంపకాల్లో కనిపిస్తుంది. తండ్రి పోగానే అన్నీ సమానంగా పంచుకున్నారు. సీలింగు ఫ్యానుకి మూడు రెక్కలా? మనిషికో రెక్క. పోలినాయుడు ఊరెళ్తే తన రెక్క విప్పి సంచిలో పెట్టుకుపోతాడు. మిగతా రెండూ గడగడలాడుతూ తిరుగుతాయి, కింద కూర్చున్నవాళ్ళు ఇంకా గడగడలాడతారు. అయినా సరే, ఒకరి వాటా ఇంకొకరు ముట్టరు.

వాళ్ళ మేడగదిలో డోయినా అని రుమేనియా పిల్ల అద్దెకుండేది. జూటుమిల్లులో మిషన్లు బిగించడానికి వచ్చి, కూలీల పక్కన పనిచేస్తూ తెలుగు నేర్చేసుకుంది. ఇంగ్లీషే అబ్బలేదు. సోమవారం ఢిల్లీ నుంచి ఆఫీసరొచ్చి ఇంగ్లీషులో పరీక్ష పెడతాడు. నెగ్గితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే పెట్టె సర్దుకుని విమానం ఎక్కడమే.

"ఓలమ్మో, గౌరమ్మప్పా! ఈ ఇంగ్లీషోళ్ళ సెట్టు అనే మాట నన్ను సంపేస్తంది" అని మెట్ల మీద కూలబడింది డోయినా. "పొద్దు గుంకినా సెట్టేనట, పెరుగు తోడుకున్నా సెట్టేనట, గడియారానికి అలారం పెట్టినా సెట్టేనట! మా భాషలో దేని మాట దానికుంటాది. ఇన్ని అర్థాలు నానెలా మొయ్యను?"

"నువ్వొక్కర్తివీ మొయ్యడం దేనికే గుంటా?" అన్నాడు పోలినాయుడు. "మూడు అర్థాలు, మేం ముగ్గురం. పంచీసుకుంటాం."

అంతే. పొద్దు గుంకడం పోలినాయుడికి, పెరుగు గౌరమ్మకి, అలారం సన్నిబాబుకి దక్కాయి. డోయినాకి ఏ అర్థం కావాలన్నా ఆ వాటాదారు ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున్న గౌరమ్మ కూరలకి వెళ్ళింది. డోయినా గిన్నె మూత తీసి, "పెరుగు సెట్టయింది" అంది, పాఠం వల్లె వేసుకుంటూ.

సన్నిబాబు అదిరిపడ్డాడు. "అప్ప ఇంట్లో లేకుండా దానంతటది తోడుకుందా? ఎంత ధైర్యం!" అని కవ్వం తీసుకుని, పెరుగు మళ్ళీ పాలైపోయేదాకా చిలకబోయాడు. పాలు రాలేదు, మజ్జిగ వచ్చింది. "సగం దారికొచ్చింది" అని సంతోషించాడు.

ఆ సాయంత్రం పోలినాయుడు మేనత్తని చూడ్డానికి వెళ్ళాడు. ఇంకేముంది! సూర్యుడు గుంకాడు, ఒప్పుకోవడానికి వాటాదారు లేడు. గౌరమ్మ చీకట్లో వడియాలు ఎండబెట్టింది. డోయినా పుస్తకం పట్టుకుని లైటు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"లైటేస్తే పొద్దు గుంకినట్టు మనమే ఒప్పుకున్నట్టు. అన్నియ్య వాటా మింగేద్దామనా?"

"మరి నాకేటీ కనబడదే!"

"కళ్ళజోడు ఎట్టుకో."

ఆదివారం ఇంకా ఘోరం. తెల్లారి పరీక్షకి లేవాలి, అలారం పెట్టాలి. ఎవరైనా తన వాటా మీద చెయ్యేస్తారని సన్నిబాబు గడియారాన్ని పొట్ట కింద దాచుకుని పడుకున్నాడు. కాపలా కాశాడు గానీ అలారం పెట్టలేదు. అందరికీ మెలకువ వచ్చేసరికి మిల్లు కూత వినబడుతోంది.

డోయినా జుట్టయినా దువ్వుకోకుండా పరిగెత్తింది. వెనకాలే ముగ్గురూ పరిగెత్తారు. తమ అర్థాలు తమని అడక్కుండా వాడేస్తే?

ఆఫీసరుకి తెలుగు ముక్క రాదు. కుర్చీలో సర్దుకుని ఇంగ్లీషులో, "సెట్ అంటే ఏమిటి?" అని అడిగాడు. ఆ ఒక్క మాట చెవిన పడగానే తలుపు తోసుకుని ముగ్గురూ లోపలికొచ్చారు.

"బాబూ, పెరుగు సంగతైతే నన్నడగాల!"

"పొద్దు నాది!"

"అలారం ఊసెత్తితే ఊరుకోను!" అన్నాడు సన్నిబాబు గడియారం ఊపుతూ.

ఆఫీసరు బిత్తరపోయి బంట్రోతుని కేకేశాడు. ఉద్యోగం పోయినట్టేననుకుంది డోయినా. అయినా ఆ ముగ్గురికీ అడ్డం నిలబడి వచ్చీరాని ఇంగ్లీషు అందుకుంది. ఈయన సూర్యుడు గుంకే సెట్టుకి సొంతదారు, ఈవిడ పెరుగు తోడుకునే సెట్టుకి, ఇతను అలారం పెట్టే సెట్టుకి అని విడమర్చింది. చీకట్లో వడియాలు, చిలికిన పెరుగు, మోగని గడియారం, ఏదీ వదల్లేదు. చెబుతూ చెబుతూ భయం మర్చిపోయింది. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుని, నెగ్గావని సంతకం పెట్టేశాడు. పోతూ పోతూ ఏదో అన్నాడు.

"ఏటన్నాడే?" అన్నారు ముగ్గురూ, గేటు వైపు నడుస్తూ.

సంతోషంలో ఒళ్ళు మరిచి చెప్పేసింది డోయినా. "మీ ముగ్గురూ కలిసుంటే మంచి సెట్టట."

మిల్లు గేటు దగ్గర ముగ్గురూ టక్కున ఆగిపోయారు.

"కొత్త అర్థం!" అన్నాడు పోలినాయుడు. "ఇది ఉమ్మడి ఆస్తిరా. పంచుకోకుండా అనుభవించకూడదు."

"కలిసుంటేనే కదేటి అది ఉండేది?" అంది గౌరమ్మ. "పంచాలంటే మనం ముగ్గురం విడిపోవాల."

"ఇప్పుడే పంచీసుకుందాం!" అన్నాడు సన్నిబాబు.

అంతే. తూర్పు పోలినాయుడికి, ఉత్తరం గౌరమ్మకి, దక్షిణం సన్నిబాబుకి. ఎవరి దిక్కున వాళ్ళు, వెనక్కి తిరిగి చూడకుండా, వాటా తేలినందుకు గర్వంగా నడిచి వెళ్ళిపోయారు.

"ఓలమ్మో, ఆగండి!" అని డోయినా గేటెక్కి గొంతు చించుకుంది. "ఇల్లు పడమరన ఉంది!"

"పడమర మాలో ఎవరి వాటాలోనూ లేదు!" అని మూడు దిక్కుల నుంచీ ఒకేసారి జవాబొచ్చింది.